తిరిగి ఆ యంగడికే

అరకులోయ సంతకు బోయిన సోదరీమణులు చూచియే యుందురు. కొండపల్లెల స్త్రీలు పసుపును, అల్లమును, చింతపండును గంపలలో దెచ్చి, నేలపై కుప్పలు పోసికొని కూర్చుందురు. కొనువారు నాలుగు కుప్పలు దాటిపోయి, తమకు వాడుకైన మనిషియొద్దనే నిలుతురు. ప్రక్కకుప్ప చౌకయైనను కదలరు. ఏలయనిన, పోయినమారు కొన్న పసుపు ఎట్టిదో వారికి దెలియును. ఆ మనిషి మొగమును దెలియును.

అంతర్జాలపు టంగడిలో మొగము లేదు. వాసన చూచుటకు వస్తువును లేదు. బొమ్మ చూచి, సొమ్ము చెల్లించి, తలుపు చప్పుడుకై యెదురుచూడవలె. ఇట్టి యంగళ్లు వేలకొలది వ్రేలికొనయందే యుండగా, గృహిణి మరల మరల ఒక్కదానికే యేల పోవును?

నా యనుభవమునే చెప్పెదను. బొమ్మక్రింద "అరకు కాఫీ" యని వ్రాసిన యొకచోట పొడి తెప్పించితిని. పొట్లము వచ్చిన పిదప కండ్లజోడు పెట్టుకొని చూడగా, చీమతలలంత యక్షరములలో చికోరీ కలిసినదని యున్నది. చికోరీ కలుపుట నేరము గాదు, కొందరికి ప్రియమే. ముందు చెప్పకపోవుటయే తప్పు. జాబు వ్రాసితిని, బదులు లేదు. మరల నా వైపు పోలేదు.

రెండవ యంగడిలో ధర హెచ్చే. కాని గింజలు వేయించిన తేదీయు, చికోరీ లేదను మాటయు ముందే వ్రాసియుండిరి. ఒకమారు పొట్లము చినిగి వచ్చినది. ఫోటో పంపగా, వాదము లేక మరియొకటి పంపిరి. ఆ చినిగిన పొట్లమే నన్ను వారికి వాడుకదానిని జేసినది! సరకు చక్కగా వచ్చిననాడు అంగడివాని గుణము బయటపడదు గదా.

2000 సంవత్సరమున అమెరికాలో రైక్‌హెల్డ్, షెఫ్టర్ అనువారు ఈ విషయమునే విచారించి, అంతర్జాలమున కొనువారిని నిలుపునది ధర గాదు, నమ్మకమని వ్రాసిరి. క్రొత్తవారిని రప్పించుటకు వర్తకునకు వ్యయము మెండు. వారు పలుమారులు తిరిగివచ్చినగాని గిట్టదు. తగ్గింపున కాశపడి వచ్చినవారో, మరింత తగ్గించిన వాని వెంట పోవుదురు.

మన దేశమున 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారము, ఫిర్యాదుల నాలకించు అధికారి పేరు తెరపై నుండవలె. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోపల పరిష్కరింపవలె. కొనకముందే ఆ పేరు వెదకుట మంచిది. జవాబు రానిచో 1915కు ఫోను చేయవచ్చును. నేనానాడు చేయలేదు, సోమరితనము.

అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. 1956లో విశాఖపట్టణము కేంద్రముగా నేర్పడిన గిరిజన సహకార సంస్థ కాఫీని, తేనెను అంతర్జాలమునను అమ్ముచున్నది. 2017లో పారిసునందును అరకు పేరిట కాఫీ దుకాణము వెలసినది. ఇంత పేరు వచ్చినను, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో ఎఱ్ఱబారిన పండ్లనే యేరి కోయు గిరిజన స్త్రీకి, మన తెరపై ఎవరేమి వ్రాసి యమ్ముచున్నారో కానరాదు. ఒకమారు మోసపోయిన యింట అంగడి పేరు మరచిపోదురు. అరకు పేరే గుర్తుంచుకొని విడిచిపెట్టుదురు. మా యత్తగారు ఆరునెలలు "అరకు కాఫీ యింతేనా?" యనుచునే యుండిరి. రెండవ యంగడి పొడితో తొలి డికాషను దిగిననాడు మాత్రము, ఆమె గ్లాసు ముందుకు జరిపి, "ఇంకొంచెము పోయుమమ్మా" యనిరి.