ఒకే పిన్ను, రెండు పిస్టన్లు

1994లో హార్లే-డేవిడ్‌సన్ కంపెనీ అమెరికా ట్రేడ్‌మార్క్ ఆఫీసులో ఒక వింత దరఖాస్తు పెట్టింది. పేరు మీదా బొమ్మ మీదా కాదు, తన ఇంజను చేసే చప్పుడు మీద హక్కు కావాలంది. జపాన్ కంపెనీలు ఒప్పుకోలేదు. పిస్టన్ల ఊపును తిరుగుడుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్ మీద ఒకే పిన్నుకు రెండు పిస్టన్లు తగిలిస్తే ఎవరి ఇంజనైనా ఇలాగే మోగుతుంది, ఇందులో మీ సొత్తేముందని అడ్డుపడ్డాయి. ఆరేళ్లు నలిగాక, 2000లో హార్లే తన దరఖాస్తును తానే వెనక్కి తీసుకుంది. యంత్రశాస్త్రం ప్రకారం చూస్తే జపాన్ వాళ్ల మాటే నిజం. ఆ చప్పుడు వెనక రహస్యమేమీ లేదు, పాతకాలపు పొదుపు తప్ప.

విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో విలియం హార్లే, ఆర్థర్ డేవిడ్‌సన్ అనే ఇద్దరు స్నేహితులు 1903లో మొదలుపెట్టిన కంపెనీ ఇది. తొలి బండ్లకు ఒక్కటే సిలిండరు. బలం పెరగాలంటే రెండోది కావాలి, సైకిలుకు అన్నలాంటి ఆ ఫ్రేములో చూస్తే చోటు లేదు. అందుకని రెండు సిలిండర్లనూ 45 డిగ్రీల కోణంలో 'వీ' ఆకారంలో నిలబెట్టి, రెండు కనెక్టింగ్ రాడ్లనూ కింద ఒకే పిన్నుకు బిగించారు. తక్కువ భాగాలు, తక్కువ వెడల్పు, తక్కువ ఖర్చు. 1909లో అమ్మిన మొదటి వీ-ట్విన్ సరిగ్గా కుదరలేదు. మార్పులు చేసి 1911లో మళ్లీ తెచ్చారు. ఆ తర్వాత వాల్వులు మారాయి, కార్బురేటర్లు పోయి ఇంజెక్షన్ వచ్చింది. పెద్ద క్రూయిజర్లలో ఆ కోణమూ ఆ పిన్నూ మాత్రం అలాగే ఉండిపోయాయి.

ఫోర్-స్ట్రోక్ ఇంజన్లో క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరిగేసరికి ప్రతి సిలిండరూ ఒక్కోసారి పేలుతుంది. రెండు సిలిండర్లుంటే 360 డిగ్రీలకొకటి చొప్పున పేలితే లయ సమంగా వస్తుంది. హార్లేలో అలా కుదరదు. ముందు సిలిండరు పేలిన 315 డిగ్రీలకు వెనకది పేలుతుంది, ఆ తర్వాత 405 డిగ్రీలు ఆగి మళ్లీ ముందుది. దబ్-దబ్... దబ్-దబ్... ఒక కాలు కుంటే గుర్రం నడిచినట్టు. లోకమంతా చెవి కోసుకునే సంగీతం ఈ కుంటి నడకే.

వినడానికి బాగున్నది భరించడానికి అంత బాగుండదు. రెండు బరువైన పిస్టన్లూ దాదాపు కలిసే లేచి కలిసే దిగుతాయి కాబట్టి ఒకదాని ఊపును మరొకటి రద్దు చేయదు. డుకాటి లాంటి కంపెనీలు సిలిండర్లను 90 డిగ్రీల్లో పెట్టి ఈ ఊపును చాలావరకు చంపేస్తాయి. పాత హార్లేల్లో అది నేరుగా ఫ్రేములోకి దిగేది. బోల్టులు వదులయ్యేవి, అద్దంలో వెనక బండి రెండుగా కనిపించేది, గంట తోలితే అరచేతులు మొద్దుబారేవి. రెండో ఇబ్బంది వేడి. రాడ్లు రెండూ ఒకే పిన్ను మీద ఒకే వరసలో ఉంటాయి గనుక వెనక సిలిండరు సరిగ్గా ముందుదాని చాటున ఉంటుంది. గాలి తగలదు. అది కాలేది ఎక్కడంటారా, తోలేవాడి తొడల మధ్య! కొత్త మోడళ్లలో బండి ఆగినప్పుడు ఇంజను మరీ వేడెక్కితే వెనక సిలిండరుకు పెట్రోలు ఆపేసే ఏర్పాటు పెట్టారంటేనే బాధ తీవ్రత తెలుస్తుంది.

మరి ఎందుకంత మోజు? 1991లో 'టెర్మినేటర్ 2'లో ష్వార్జ్‌నెగర్ ఫ్యాట్ బాయ్ అనే హార్లే మోడల్ ఎక్కి తుపాకి తిప్పడం ఒక కారణమే. అసలు కారణం మాత్రం పిస్టన్ ప్రయాణించే దూరంలో ఉంది. 2017 మోడళ్లతో వచ్చిన మిల్వాకీ-ఎయిట్ ఇంజన్లో పెద్ద రకానికి సిలిండరు వ్యాసం 102 మిల్లీమీటర్లు, స్ట్రోకు 114. పొడుగు స్ట్రోకుకు బరువైన ఫ్లైవీలు తోడై, నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగేసరికే టార్క్ శిఖరానికి చేరుతుంది. గేరు మార్చే పనిలేదు, మణికట్టు కాస్త తిప్పితే చాలు, బండి ఏ తొందరా లేకుండా కొండలా కదులుతుంది. అంకెల్లో చూస్తే నవ్వొస్తుంది. 1,868 సీసీల ఇంజను ఇచ్చేది తొంభై పైచిలుకు హార్స్‌పవర్. అందులో సగం సైజున్న స్పోర్ట్స్ బైకు రెండు వందలకు దగ్గరగా ఇస్తుంది. కానీ అమెరికా మధ్య రాష్ట్రాల తిన్నని రోడ్ల మీద రోజంతా పోయేవాడికి అంకెతో పనేముంది?

ఈ మోజుకూ గడ్డుకాలం తప్పలేదు. 1969 నుంచి ఏఎంఎఫ్ అనే సంస్థ చేతిలో హార్లే నాణ్యత దిగజారింది. ఆయిలు కారే బండిగా పేరు పడింది. 1981లో పదమూడు మంది అధికారులు కంపెనీని కొనేశారు. 1983లో రీగన్ ప్రభుత్వం 700 సీసీ దాటిన దిగుమతి బండ్లపై సుంకం పెంచి కొంత ఊపిరి పోసింది.

ఆ కాలం నుంచి సాగిన ఇంజనీరింగ్ చరిత్రంతా నాకు చూడముచ్చటైన విరోధాభాస: వణుకును తగ్గించాలి, పూర్తిగా పోగొట్టకూడదు. 1980లో ఇంజనును రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టడం మొదలైంది. 2000లో సాఫ్ట్‌టెయిల్ మోడళ్లకు బ్యాలెన్సర్లు వచ్చాయి. మిల్వాకీ-ఎయిట్ టూరింగ్ బండ్లకు వచ్చేసరికి, ఐడ్లింగ్‌లో ప్రధాన కంపనాన్ని బ్యాలెన్సరు 75 శాతం తగ్గిస్తుందని కంపెనీయే చెప్పింది. మిగతా పాతిక శాతం చేతకాక వదిలింది కాదు, కొనేవాళ్ల కోసం అట్టేపెట్టింది. హోండా కథ ఇంకా తమాషా. వణుకు లేకుండా రెండు పిన్నులతో వీ-ట్విన్ చేయడం తెలిసిన ఆ కంపెనీ, 1995లో షాడో ఏసీఈ అనే క్రూయిజరుకు కావాలని ఒకే పిన్ను పెట్టింది. పోర్షేతో కలిసి హార్లే చేసిన వీ-రాడ్ నీళ్లతో చల్లబడేది, నున్నగా పరిగెత్తేది. పాత అభిమానులు చాలామంది దాన్ని హార్లేగా లెక్కే చేయలేదు. 2017లో ఆపేశారు.

మన దేశానికి ఈ బండి మామిడిపళ్ల పుణ్యాన వచ్చింది. 2007లో అమెరికా మన మామిడికి తలుపు తెరిస్తే, మనం హార్లేకి తెరిచాం. 2010లో మొదటి విడత షోరూములు తెరిచిన నగరాల్లో హైదరాబాద్ ఒకటి. పదేళ్లకే, 2020లో, హర్యానాలో ఉత్పత్తి ఆపేసి అమ్మకాలను హీరో మోటోకార్ప్‌కు అప్పగించారు. 2023లో ఇద్దరూ కలిసి తెచ్చిన ఎక్స్440కి సిలిండరు ఒక్కటే. పిన్నును పంచుకోవడానికి రెండో పిస్టనే లేదు.

కొనాలనుకునేవారికి ఒక మాట. ఫ్యాట్ బాయ్ బరువు మూడు వందల కిలోల పైమాటే. కదిలాక తెలియదు, పార్కింగులో వెనక్కి నెట్టేటప్పుడు తెలుస్తుంది. నేలకూ బండికీ మధ్య జాగా సుమారు 115 మిల్లీమీటర్లు, మన కాలనీల స్పీడ్ బ్రేకర్ల ముందు అది చాలదు. మలుపులో పాతిక డిగ్రీలు వాలేసరికి కాలిపలకలు రోడ్డును గీకుతాయి. ఖాళీ హైవే మీద ఇది రాజా, హైదరాబాద్ అమీర్‌పేట ట్రాఫిక్‌లో శిక్ష. షోరూము వాళ్లు పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద ఇచ్చే టెస్ట్ రైడును నమ్మకండి. మే నెల మధ్యాహ్నం, వెనక మనిషిని కూర్చోబెట్టుకుని, సిగ్నళ్లున్న దారిలో అరగంట తోలండి. అప్పటికీ కావాలనిపిస్తే కొనండి.