మత్తు కేసులో పట్టుబడ్డ పిల్లవాడికి చట్టంలోనే చికిత్స దారి ఉంది

కోడీన్ దగ్గు మందు సీసాలతో పట్టుబడ్డారన్న వార్తలు మన భివండీలో కొత్త కాదు. ఇల్లు శాంతి నగర్‌లో ఉన్నా, పద్మనగర్‌లో ఉన్నా, అలాంటి కబురు వస్తే మనవాళ్లు ముందు చేసేది ఒకటే: వకీలును పట్టుకోవడం, నలుగురికీ తెలియకుండా దాచడం. తరాలుగా సాంచాల మీద కష్టపడి నిలబెట్టుకున్న పరువు పోతుందన్న భయం అది. ఆ కంగారులో పిల్లవాడికి వైద్యం సంగతి ఎవరూ అడగరు.

హెరాయిన్, నల్లమందు, కోడీన్, ట్రామడాల్ వంటివన్నీ ఓపియాయిడ్ జాతి మత్తులే. 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే ప్రకారం దేశంలో వీటిని వాడేవారు సుమారు 2.26 కోట్ల మంది. అలవాటు ముదిరాక మందు ఆగితే ఒళ్లు నొప్పులు, వాంతులు, విరేచనాలు, నిద్రలేమి మనిషిని కుదిపేస్తాయి. తిట్టినా, కొట్టినా, గదిలో పెట్టి తాళం వేసినా ఆ జబ్బు పోదు.

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం శిక్షతో పాటు చికిత్సకూ చోటిచ్చింది. మత్తు వాడిన కేసులో గానీ, స్వల్ప పరిమాణం కేసులో గానీ ఉన్న బానిస తానుగా ముందుకొచ్చి, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన ఆసుపత్రిలో చికిత్స తీసుకుంటే 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స సగంలో వదిలేస్తే ఆ రక్షణ తీసేయవచ్చు. నేరం రుజువైనా 39వ సెక్షన్ ఉంది. వెంటనే శిక్ష వేయకుండా, అతని సమ్మతితో, బాండు రాయించుకుని కోర్టు చికిత్సకు పంపవచ్చు. ఏడాదికి మించని గడువులో ఫలితం కోర్టుకు తెలపాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. స్వల్ప పరిమాణం అంటే హెరాయిన్‌కు 5 గ్రాములు, కోడీన్‌కు 10 గ్రాములు. మత్తు పదార్థం వేరే వాటిలో కలిసి ఉంటే మొత్తం మిశ్రమం బరువు లెక్కించాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. నిండు దగ్గు మందు సీసా బరువు 10 గ్రాములు దాటుతుంది. అందుకే "ఒక్క సీసాయే కదా" అనుకోకుండా, ఈ సంగతి వకీలుతో మొదటి రోజే మాట్లాడాలి.

చికిత్సలో బ్యూప్రెనార్ఫిన్ అనే మాత్రను నాలుక కింద పెట్టి కరిగిస్తారు. మెథడోన్ కూడా వాడతారు. ఇవి బాధను, తహతహను తగ్గిస్తాయి. మనిషి మళ్లీ పనికి వెళ్లగలుగుతాడు. "ఒక మత్తు పోయి ఇంకో మత్తు" అనడం తప్పు. బీపీ మాత్రలాగే దీన్నీ డాక్టరు చెప్పినన్నాళ్లు వాడాలి. ఢిల్లీ తిహార్ జైల్లో 2008లోనే బ్యూప్రెనార్ఫిన్ చికిత్స మొదలైంది.

జైల్లో కొన్నాళ్లు మత్తు లేకుండా ఉంటే "మానేశాడు" అని సంబరపడతాం. అసలు గండం విడుదలయ్యాకే. ఒంటికి పాత అలవాటు తగ్గిపోయి ఉంటుంది. బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన మొదటి రెండు వారాల్లో మత్తు మోతాదు మించి చనిపోయే ముప్పు మామూలు జనం కంటే 129 రెట్లు ఉందని 2007లో ఒక అధ్యయనం తేల్చింది. రోడ్ ఐలాండ్ జైళ్లలో 2016 నుంచి మందులతో చికిత్స ఇచ్చి, విడుదలయ్యాకా కొనసాగించారు. 2016 మొదటి ఆరు నెలలతో పోలిస్తే 2017లో అదే కాలంలో విడుదలైనవారి మత్తు మరణాలు 61 శాతం తగ్గాయి.

కాబట్టి పిల్లవాడు ఠాణే జైల్లో ఉన్నా, కల్యాణ్ జైల్లో ఉన్నా, ములాఖత్‌లోనే జైలు డాక్టరుకు అలవాటు సంగతి చెప్పమనండి. విడుదలయ్యే రోజుకు ముందే ఆసుపత్రి మాట్లాడి ఉంచండి. వచ్చాక మొదటి రెండు వారాలు ఒంటరిగా వదలకండి. లేపినా లేవకపోయినా, ఊపిరి మందగించినా, పెదవులు నీలిరంగుకు తిరిగినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

మత్తు మాన్పించే సలహాకు 14446, ఉచిత న్యాయ సహాయానికి 15100. మన ఇళ్లలో పెళ్లికి, చావుకు పదిమందిమి నిలబడతాం. ఈ కష్టంలోనూ అలాగే నిలబడదాం.