ఉమ్మి పరీక్ష ఏం చెబుతుంది? ఏం చెప్పలేదు?

మన నోటిలో రోజుకు సుమారు అర లీటరు నుండి లీటరున్నర వరకు లాలాజలం ఊరుతుంది. ఉమ్మే గదా అని తేలికగా చూస్తాం గాని, అన్నం మింగడానికి, పళ్లు పుచ్చకుండా ఉండడానికి అదే ఆధారం. అందులో నీరే ఎక్కువ. మిగిలిన కొద్ది భాగంలో రక్తం నుండి వచ్చిన హార్మోన్లు, యాంటీబాడీలు, నోటి లోపలి పొర నుండి రాలిన కణాలు ఉంటాయి. అందుకే “సిస్టర్, సూది గుచ్చకుండా ఉమ్మితోనే పరీక్ష చేయకూడదా?” అని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు.

కొన్నిటికి చేయవచ్చు. చిగుళ్ల మీద పుల్లతో తుడిచి హెచ్.ఐ.వి. యాంటీబాడీలను గుర్తించే పరీక్షకు అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది. అందులో పాజిటివ్ వస్తే వేరే పరీక్షలతో నిర్ధారించుకోవాలి. 2020లో కోవిడ్‌కు కూడా లాలాజల పరీక్షలు వచ్చాయి. కార్టిసాల్ అనే హార్మోను ఎక్కువైందేమో చూడడానికి రాత్రి పొద్దుపోయాక తీసిన లాలాజలం పనికివస్తుంది.

అయితే షుగరు వ్యాధికి రక్త పరీక్షే చేయించుకోవాలి. నోరు తరచు ఎండిపోవడం షుగరుకు ఒక గుర్తు కావచ్చు. కొన్ని మందుల వల్ల కూడా అలా జరుగుతుంది. డాక్టరుగారికి చెప్పండి, మందులు మాత్రం మీ అంతట మీరు మానవద్దు.

కళ్లె వేరు, ఉమ్మి వేరు

క్షయ పరీక్షకు డబ్బా ఇచ్చినప్పుడు మేము అడిగేది ఊపిరితిత్తుల నుండి వచ్చే చిక్కటి కళ్లె. పలుచని ఉమ్మి ఇస్తే, జబ్బు ఉన్నా పరీక్షలో కనబడకపోవచ్చు. ముందు నీళ్లతో నోరు పుక్కిలించండి. ఆరుబయట నిలబడి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, లోతుగా దగ్గి కళ్లె తీయండి.

నోటి క్యాన్సర్ సంగతి

నోటి క్యాన్సర్‌ను లాలాజలంలో కనిపెట్టాలని అనేక దేశాలలో పరిశోధనలు జరుగుతున్నాయి. కాని క్యాన్సర్ ఉన్నదీ లేనిదీ తేల్చేది చిన్న ముక్క తీసి చేసే బయాప్సీయే. ఉమ్మి పరీక్ష ఏదో వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటే విలువైన కాలం పోతుంది. ఈ జబ్బు మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు. “నొప్పి లేదు గదా” అని ఊరుకున్నవారే ముదిరిపోయాక వస్తుంటారు.

తొందరగా పట్టుకోవడానికి టార్చిలైటు, చూసే కళ్లు చాలు. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన అధ్యయనంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోరు పరీక్షించారు. పొగాకు గాని మద్యం గాని అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయని 2005లో వెల్లడైంది. మన దేశంలో కూడా 30 ఏళ్లు దాటినవారికి నోటి పరీక్ష చేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది.

ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ, చుట్ట, బీడీ అలవాటున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. పొగాకు లేకపోయినా ఉత్త వక్క కూడా క్యాన్సర్ కారకమే. శ్రీకాకుళం, విశాఖ తీరప్రాంతాలలో కొందరు తల్లులు చుట్టను నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగుతారు. ఆ వేడికి, పొగకు అంగిట్లో మచ్చలు, పుండ్లు వస్తాయి. అంగిలి వారికి వారు చూసుకోవడం కష్టం గనుక ఇంట్లోవారు కూడా చూడాలి.

నెలకొకసారి వెలుతురులో అద్దం ముందు నిలబడి బుగ్గల లోపల, చిగుళ్లు, నాలుక పక్కలు, నాలుక కింద, అంగిలి చూసుకోండి. ఈ గుర్తులు ఉంటే ఆసుపత్రికి రండి:

• రెండు వారాలైనా మానని పుండు
• తుడిచినా పోని తెల్ల మచ్చ, లేదా ఎర్ర మచ్చ
• గడ్డ, కారణం లేకుండా రక్తం కారడం
• నోరు సరిగా తెరుచుకోకపోవడం, కారం తగిలితే మంట
• మింగడం కష్టం కావడం, మెడలో బిళ్ల

మచ్చలన్నీ క్యాన్సర్ కావు. అలవాటు మానితే తగ్గిపోయేవీ ఉన్నాయి. ఏది ఏమిటో చూసినప్పుడే తెలుస్తుంది. ఈ వారమే మీ ఇంట్లో పెద్దవారిని వెలుతురులో కూర్చోబెట్టి, ఒకసారి నోరు తెరవమనండి.