వద్దనుకున్న పాటే వెంట నడిచింది

అమెరికన్ గాయని, నటి డోరిస్ డే అనగానే అందరికీ గుర్తొచ్చే ‘కే సెరా సెరా’ పాటను రికార్డు చేయడం ఆమెకే ఇష్టం లేదని మీకు తెలుసా?

1956లో వచ్చిన హిచ్‌కాక్ సినిమా ‘ది మ్యాన్ హూ న్యూ టూ మచ్’ కోసం జే లివింగ్‌స్టన్, రే ఎవాన్స్ జంట రాసిన పాట ఇది. పల్లవి మాత్రం మరో సినిమాలో దొరికింది. 1954 నాటి ‘ది బేర్‌ఫుట్ కాంటెస్సా’లో ఓ ఇటలీ ప్రభువుల ఇంట్లో, రాతి మీద ‘కే సరా సరా’ అని చెక్కి ఉంటుంది. జరిగేది జరుగుతుందని అర్థం. ఆ సినిమా చూస్తూ, హాల్లో చీకట్లోనే లివింగ్‌స్టన్ దాన్ని రాసి పెట్టుకున్నాడు. తర్వాత ఆ ఇటాలియన్ మాటను స్పానిష్‌లోకి మార్చి ‘కే సెరా సెరా’ చేశారు. నిజానికి స్పానిష్ వాళ్లు ఆ మాట అలా అనరు!

డోరిస్ డేకి ఇది పిల్లల పాటలా తోచింది. ఒక్క టేక్‌లో పాడేసి, ఇక ఈ పాట మళ్లీ ఎవరికీ వినపడదు అన్నారని చెబుతారు. తీరా చూస్తే బ్రిటన్‌లో ఆరు వారాలు మొదటి స్థానం, అమెరికాలో రెండో స్థానం. రాసిన ఇద్దరికీ అది మూడో ఆస్కార్. 1968లో మొదలైన ఆమె టీవీ షోకూ అదే టైటిల్ పాట అయింది.

రికార్డులో వింటే హాయిగా ఊయలూపే పాట. సినిమాలో వింటే మాత్రం గుండె బిగుసుకుపోతుంది. కథలో డోరిస్ డే కొడుకును ఎత్తుకుపోయిన వాళ్లు వాడిని లండన్‌లోని ఒక రాయబార కార్యాలయంలో, పై అంతస్తులో దాచారు. కింద అతిథుల ముందు పియానో దగ్గర కూర్చున్న తల్లి, పిల్లాడికి వినపడాలని గొంతెత్తి పాడుతుంది. కెమెరా మెట్లెక్కుతూ, ఖాళీ వరండాలు దాటుతూ పోతుంటే పాట కూడా పైకి పాకుతుంది. ఎక్కడో మూసిన తలుపు వెనక నుంచి పిల్లాడి ఈల! అమ్మ దగ్గర రోజూ విన్న పాట కాబట్టే వాడు ఈలతో బదులివ్వగలిగాడు. పిల్లల పాట కావడమే ఇక్కడ దాని బలం.

మన వాళ్లూ ఈ బాణీని వదల్లేదు. 1957లో తమిళ ‘ఆరవల్లి’లో ఎ.ఎం. రాజా, జిక్కి దీన్ని తమిళ మాటలతో పాడారు. 1965లో ‘తోడు నీడ’లో భానుమతి లయ కాస్త మార్చి, తెలుగు మాటలు కలిపి, తనదైన గొంతుతో పాడారు.