కరువు ఊళ్లో ఆగని నీరు

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ అదను చూసి రాదు. అలాంటి సీమలో 30 వేల జనాభా ఉన్న పట్టణాన్ని ఊహించుకుందాం. వాన ముఖం చాటేసినా అక్కడ రోజూ పారే నీరు ఒకటుంది: మురుగునీరు. భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది కేంద్ర ప్రమాణం. అందులో 80 శాతం మురుగుగా బయటికొస్తుందని ఇంజనీర్ల లెక్క. అంటే రోజుకు 32 లక్షల లీటర్లు. సరఫరా అంత లేని చోట మురుగూ తగ్గుతుంది, కానీ మరింత చిక్కబడుతుంది.

ఈ నీటిలో ముఖ్యంగా మూడు ఉంటాయి. ఒకటి, మలం, తిండి తుక్కు, సబ్బు వంటి కుళ్లే పదార్థం. రెండు, రోగాలు తెచ్చే క్రిములు, నులిపురుగుల గుడ్లు. మూడు, నైట్రోజన్, ఫాస్ఫరస్. నదిలోనో చెరువులోనో కలపాలంటే మూడింటినీ తగ్గించాలి. పొలానికి పెట్టేట్టయితే మూడోదాన్ని డబ్బు పోసి తీయడమెందుకు? అది రైతు కొనే ఎరువే. కాబట్టి నీరు ఎక్కడికి పోవాలో తేలాకే ప్లాంటు సంగతి.

పొలానికే అనుకుంటే, ఎండ దండిగా ఉన్న ఊరికి వరస కుంటల పద్ధతి చక్కగా నప్పుతుంది. మొదటి కుంట లోతు మూడు నాలుగు మీటర్లు. బురద అడుక్కు దిగుతుంది. గాలి సోకని ఆ లోతులో సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెడతాయి. గోబర్ గ్యాస్ తొట్టిలో జరిగే పనే ఇది. రెండో కుంట లోతు మీటరున్నర. అక్కడ నాచు ఎండలో ఆక్సిజన్ విడుదల చేస్తే, దాన్ని పీల్చుకుని మరో రకం సూక్ష్మజీవులు మిగిలిన మలినాన్ని తినేస్తాయి. ఆ తర్వాతివి మీటరు లోతు కుంటలు. నాచు వల్ల పెరిగిన క్షారగుణం, ఎండ కలిసి క్రిములను చంపుతాయి. నులిపురుగుల గుడ్లు అడుగున పేరుకుంటాయి. మొత్తం రెండు మూడు వారాల ప్రయాణం. నీరు పల్లానికి పారితే మోటారుతో పనే లేదు.

యంత్రాల ప్లాంటుకు తక్కువ జాగా చాలు. కానీ గాలి కొట్టే బ్లోయర్లు రాత్రీపగలూ తిరగాలి. కరెంటు బిల్లు కట్టలేకో, ఆపరేటర్ లేకో అవి ఆగిపోతే శుద్ధీ ఆగిపోతుంది.

కరువు సీమలో కుంటలు పెడితే నీళ్లన్నీ ఆవిరైపోవా అని అడుగుతారు. లెక్క వేద్దాం. మన పట్టణానికి కావలసిన నీటి విస్తీర్ణం సుమారు 4 హెక్టార్లు, అంటే 10 ఎకరాలు. రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైతే పోయేది 2 లక్షల 40 వేల లీటర్లు. వచ్చే నీటిలో ఇది ఎనిమిది శాతంలోపే. అసలు చిక్కు ఉప్పుతోనే. బోరునీటిలోని ఉప్పును, ఫ్లోరైడ్‌ను ఏ కుంటా తీయదు. ఆవిరైన కొద్దీ అవి చిక్కబడతాయి. అందుకే ఏటా మట్టి పరీక్ష చేయించాలి.

చాలా చిన్న పట్టణాల్లో భూగర్భ డ్రైనేజీయే లేదు. వాడకం నీరు సైడు కాలువలోకి, మలం సెప్టిక్ ట్యాంకులోకి పోతాయి. ట్యాంకు నిండితే వచ్చే లారీ ఆ బురదను ఏ వాగులోనో వదిలేస్తే, కుంటలు కట్టీ లాభం లేదు. దారి లేకపోలేదు. అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లే దారిలోని దేవనహళ్లిలో 2015 నుంచి ఇలాంటి బురదకే ప్రత్యేక శుద్ధి కేంద్రం ఉంది. దాని సామర్థ్యం రోజుకు 6 వేల లీటర్లు. బురదను కుళ్లబెట్టి, ఇసుక మడుల్లో ఆరబెట్టి, తడి చెత్తతో కలిపి ఎరువు చేస్తారు.

శుద్ధి చేసిన నీటిని ఏ పంటకు పెట్టాలన్నది చివరి మెట్టు. పచ్చిగా తినే కూరలకైతే 100 మిల్లీలీటర్లలో మల కోలిఫాం బాక్టీరియా వెయ్యికి, లీటరులో నులిపురుగు గుడ్డు ఒకటికి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో మార్గదర్శకం ఇచ్చింది. అంత నమ్మకంగా చెప్పలేనప్పుడు మల్బరీ నయం. హిందూపురం, ధర్మవరం ప్రాంతాలకు పట్టు కొత్త కాదు. ఆ ఆకు తినేది పట్టుపురుగు. అయినా పొలంలో దిగే కూలీలకు బూట్లు, చేతొడుగులు ఇవ్వాల్సిందే.

టెండరు పిలవకముందే కౌన్సిల్ మూడు పనులు ముగించాలి: నీళ్లు తీసుకునే రైతులతో ఒప్పందం, సెప్టిక్ లారీలు ఖాళీ చేసే చోటు, గట్ల మీద కలుపు కోయడానికీ కొన్నేళ్లకోసారి మొదటి కుంటలో పూడిక తీయడానికీ బడ్జెట్‌లో ఏటా ఒక పద్దు. ఈ మూడూ తేలకుండా వేసే శంకుస్థాపన, ఊరికి మిగిల్చేది శిలాఫలకమే.