మిల్లు ఆగినా ఆగని విద్య

బోధన్‌ను ఆనుకొని ఉన్న శక్కర్‌నగర్ పేరు వినని వారు మన జిల్లాలో అరుదు. మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ నేలకు చెరకును ఇచ్చింది. ఆ జలాశయాన్ని నిర్మించిన చీఫ్ ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ జన్మదినమైన జూలై 11నే తెలంగాణ ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నాము. నీటి వెనుక చెరకు, చెరకు వెనుక 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చాయి. 2002లో దాని అధిక వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మెదక్ యూనిట్లు మూడూ మూతపడ్డాయి.

మిల్లు ఆగిపోతే రైతు కష్టం, కార్మికుని కష్టం అందరికీ కనిపిస్తాయి. ఇంజినీరు కష్టం మాత్రం ఎవరి కంటా పడదు. చదువుకున్నవాడు ఎక్కడైనా బ్రతుకుతాడని అనుకుంటాము. అది సగం నిజమే.

గత రమజాన్‌కు ముందు, అస్ర్ నమాజు తరువాత ఒక యువకుడు నా వద్దకు వచ్చాడు. చిన్నతనంలో మా మదరసాలో నాజిరా చదివినవాడు. తండ్రి చెరకు మిల్లులో ఫిట్టరుగా జీవితం గడిపిన మనిషి. ఇతడు మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తి చేసి, ఆరేళ్లుగా ఒక మందుల పరిశ్రమలో పంపులు, ఆవిరి గొట్టాలు చూస్తున్నాడు.

"హజ్రత్, మూడు ఇంటర్వ్యూలకు వెళ్లాను. మూడింటిలోనూ నోరు పెగల్లేదు. దుఆ చేయండి" అన్నాడు.

దుఆ చేశాను. ఆ తరువాత, "నీ పని ఏమిటో నాకు చెప్పు బాబూ. యంత్రాల సంగతి తెలియని మౌల్వీకి చెబుతున్నాననుకో" అన్నాను. పది నిమిషాలు చెప్పాడు. నాకు కొన్ని యంత్రాల పేర్లు తప్ప ఏమీ మిగలలేదు. "ఏది చెడిపోయింది? నీవు ఏం చేశావు? తరువాత ఏమైంది?" అని మళ్లీ అడిగాను. అప్పుడు తేటగా చెప్పాడు. ఒక పంపు సీలు నెలకొకసారి కారేదట. అందరూ సీలు మార్చి ఊరుకునేవారు. మోటారు షాఫ్టు, పంపు షాఫ్టు ఒకే వరుసలో లేవని ఇతడు గమనించి సరిచేశాడు. ఎనిమిది నెలలుగా ఆ సీలు జోలికి వెళ్లవలసిన పని పడలేదు.

"ఇది ఇంటర్వ్యూలో చెప్పావా?"

"వారు అడగలేదు, హజ్రత్."

ఫిరౌన్ దర్బారుకు వెళ్లమని ఆజ్ఞ అయినప్పుడు హజ్రత్ మూసా (అ) తన నాలుక ముడి విప్పమని అల్లాహ్‌ను వేడుకున్నారు. తనకంటే చక్కగా మాట్లాడగల సోదరుడు హారూన్ (అ)ను తోడుగా కోరారు. మాట రాకపోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు, దానిని సరిదిద్దుకోకపోవడమే లోపం. మా మదరసాలలో గురువారం అంజుమన్ పెట్టి, పిల్లవాడిని నిలబెట్టి మాట్లాడించేది ఇందుకే. ఇంజినీరింగ్ కళాశాలలు ఈ పనిని చివరి సంవత్సరానికి వాయిదా వేస్తాయని విన్నాను. అది చాలా ఆలస్యం.

ఇక ప్రణాళిక సంగతి. చెరకు మిల్లులో పిప్పితో మండే బాయిలరు ఉంటుంది. ఆవిరితో తిరిగే టర్బైను, రసాన్ని చిక్కబరిచే ఇవాపరేటర్లు, స్ఫటికాలు కట్టించే వాక్యూమ్ పాన్లు ఉంటాయి. "నేను చక్కెర ఇంజినీరును" అనుకున్నవాడికి మిల్లు ఆగితే దారి మూసుకుపోతుంది. "నాకు ఆవిరి తెలుసు" అనుకున్నవాడికి విద్యుత్ కేంద్రం, పాల కేంద్రం, మందుల పరిశ్రమ తెరిచే ఉంటాయి. బాయిలర్ ఆపరేషన్ ఇంజినీరు పరీక్ష, బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నిర్వహించే ఎనర్జీ ఆడిటర్ పరీక్ష ఇందుకు పనికివస్తాయి. చక్కెర రంగంలోనే నిలవదలచినవారికి 1936లో స్థాపితమైన కాన్పూరు నేషనల్ షుగర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఇవన్నీ ఉద్యోగం ఉండగానే చేయాలి. క్రషింగ్ ముగిసి మరమ్మతులు సాగే వేసవి నెలలలో మిల్లు ఇంజినీరుకు చదువుకొనే వీలు కొంత ఎక్కువ.

ఇక్కడ ఒక మాట. నేడు చక్కెర మిల్లులు మొలాసిస్ నుండి ఇథనాల్ తీస్తున్నాయి. అది వాహనాల ఇంధనానికా, మద్యానికా అన్నది ముస్లిం ఇంజినీరు చేరకముందే అడిగి తెలుసుకోవాలి. జీతం ఎంతో అడిగేవాడు ఇది అడగడానికి జంకనక్కరలేదు.

మద్‌యన్ వృద్ధుని కుమార్తె మూసా (అ)ను పనిలో పెట్టుకొమ్మని తండ్రికి చెబుతూ రెండు గుణాలు పేర్కొన్నది: బలం, నమ్మకం. మన యువకులు మొదటిదానికే సర్టిఫికెట్లు చూపుతారు. తన షిఫ్టులో జరిగిన పొరపాటును తానే రిజిస్టరులో వ్రాసి, తరువాతి షిఫ్టువారికి చెప్పి వెళ్లే మనిషి రెండవదానిని చూపుతాడు. చెరకు నరికాక ఆలస్యమైన కొద్దీ అందులోని చక్కెర తగ్గుతుంది. దాచిన ఒక్క పొరపాటు మిల్లును ఆపితే, గేటు బయట బండ్లమీద నిలిచిన రైతు పంట ఎండుతుంది. ఫిట్టరుతో తెలుగు, ఉర్దూలలో, సరిహద్దు దాటి వచ్చే కూలీతో మరాఠీలో నాలుగు మాటలు మాట్లాడగలగడం కూడా ఇంజినీరు విద్యలో భాగమే.

ఆ యువకుడు తరువాత వరుసగా మూడు గురువారాలు మా అంజుమన్‌కు వచ్చి, హిఫ్జ్ పిల్లల మధ్య నిలబడి తన పంపు కథ చెప్పాడు. మొదటివారం పిల్లలు నవ్వారు. మూడవవారం ఒక పిల్లవాడు లేచి, సీలు అంటే ఏమిటని అడిగాడు. నాలుగవవారం అతడు రాలేదు. ఇంటర్వ్యూకు పూణే వెళ్లాడని జుమా రోజు తండ్రి చెప్పారు. ఫలితం కోసం ఎదురుచూస్తున్నారు.