‘హిజ్’ ఎవరిది, ‘హర్’ ఎవరిది?
పోర్చుగీసు మాట్లాడేవాళ్ల ఇంగ్లిష్: అపోహలు – వాస్తవాలు

అపోహ: ‘హిజ్’, ‘హర్’ తారుమారు చేసే బ్రెజిల్, పోర్చుగల్ విద్యార్థులకు ఆడ-మగ తేడా పట్టుబడలేదు.

వాస్తవం: ఆ తేడా వాళ్లకు మనకంటే ఎక్కువే అలవాటు. పోర్చుగీసులో బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. చిక్కు ఇంకోచోట ఉంది. ‘పెడ్రో తన చెల్లెలితో వచ్చాడు’ అనేటప్పుడు ‘తన చెల్లెలు’ అనడానికి వాళ్లు ‘సువా ఇర్మా’ అంటారు. ఈ ‘సువా’ పెడ్రో వైపు చూడదు, చెల్లెలి వైపు చూస్తుంది. ఆమె ఆడపిల్ల కాబట్టి సువా. తమ్ముడితో వచ్చి ఉంటే ‘సెవు’. అదే లెక్కను ఇంగ్లిష్‌లోకి తెస్తే ‘పెడ్రో కేమ్ విత్ హర్ సిస్టర్’ అవుతుంది. ఆ ‘హర్’ ఎవరా అని వినేవాడు వెతుక్కుంటాడు. ఇంగ్లిష్‌కి కావలసింది సొంతదారు ఆడా మగా అన్నదే.

పైగా సెవు, సువాలకు అతని, ఆమె, వాళ్ల, మీ అని ఇన్ని అర్థాలున్నాయి. ఈ గందరగోళం వాళ్లకీ విసుగే. అందుకే బ్రెజిల్ వాడుకలో ‘అతని’ అనడానికి ‘దేలి’, ‘ఆమె’ అనడానికి ‘దేలా’ అంటారు. ఇవి సొంతదారుని బట్టే మారతాయి. కాబట్టి వాక్యాన్ని ముందు దేలి, దేలాలతో మనసులో అనుకుని, దేలి వస్తే హిజ్, దేలా వస్తే హర్ రాస్తే సరిపోతుంది. వ్యాకరణ పుస్తకంలో పేజీలకు పేజీలు చదివినా ఇంతకంటే పనికొచ్చే చిట్కా దొరకదు.

అపోహ: పోర్చుగీసులో సర్వనామాలు అక్కర్లేదు కనుక వాళ్లు ఇంగ్లిష్‌లోనూ అన్నీ వదిలేస్తారు.

వాస్తవం: మన ‘వస్తాను’లో నేను ఉన్నట్టే, వాళ్ల క్రియ చివర్లోనూ కర్త దాగి ఉంటుంది. అయినా బ్రెజిల్‌లో జనం ‘నేను’, ‘నువ్వు’ బయటికి పలకడం ఇప్పుడు బాగా ఎక్కువైంది. అందుకే ‘ఐ’ మరిచేది తక్కువ, ‘ఇట్’ మరిచేది ఎక్కువ. ‘ఈజ్ రెయినింగ్’, ‘ఈజ్ ఇంపార్టెంట్’ అనేస్తారు. వాన పడే సంగతికి పోర్చుగీసులో కర్తే ఉండదు మరి. ఇంగ్లిష్‌లో ఆ ‘ఇట్’కీ అర్థమేమీ లేదు. బస్సు సీట్లో వేసిన కర్చీఫ్ లాంటిది అది. మనిషి లేకపోయినా సీటు మాత్రం ఖాళీగా కనపడకూడదు.

క్రియ తర్వాత వచ్చే ‘ఇట్’ దగ్గర మనమూ వాళ్లూ ఒకే బాపతు. ‘సినిమా చూశావా?’ అంటే ‘చూశాను’ అంటాం. బ్రెజిల్‌లోనూ అంతే. ఇంగ్లిష్‌లో ‘ఐ సా’ దగ్గర ఆగితే వాక్యం కుంటుతుంది, ‘ఐ సా ఇట్’ అనాలి.

అపోహ: ‘యూ’ అంటే నువ్వు. మాస్టారిని అలా అనకూడదు.

వాస్తవం: ఈ మొహమాటం మనకు బాగా తెలిసిందే. పోర్చుగీసులో ‘తు’, ‘వొసె’, ‘ఓ సెన్యోర్’ అని మెట్లున్నాయి. బ్రెజిల్‌లో చాలాచోట్ల వొసె మామూలు మాట. పోర్చుగల్‌లో అదే మాట కొందరికి ముల్లులా గుచ్చుకుంటుంది. అక్కడ మాస్టారి ముఖం చూస్తూనే ‘మాస్టారు కాఫీ తాగుతారా?’ అని అడగడం మర్యాద. ఇంగ్లిష్‌లో అలా అడిగితే పక్కగదిలో ఉన్న ఇంకో మాస్టారి గురించి అనుకుంటారు. అసలు ‘యూ’ పుట్టుకతో బహువచనం, తర్వాత గౌరవవాచకం. నువ్వు అని పిలిచే ‘దౌ’ వాడుకలోంచి జారిపోయి, మీరే మిగిలింది. ఇప్పటి మర్యాదంతా ‘కుడ్ యూ’, ‘సర్’ లాంటి మాటల్లో ఉంది.

అపోహ: చేతులు ఎవరివో చెప్పనక్కర్లేదు.

వాస్తవం: పోర్చుగీసులో అక్కర్లేదు, తెలుగులోనూ అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో మాత్రం ‘హి వాష్డ్ హిజ్ హ్యాండ్స్’ అనాల్సిందే. ‘ది హ్యాండ్స్’ అంటే ఎవరి చేతులో కడిగినట్టుంటుంది.

అపోహ: నిఘంటువు అర్థం పెడితే చాలు.

వాస్తవం: బ్రెజిల్‌లో ‘మనం’ అనడానికి వాడుకలో ‘అ జెంచి’ అంటారు. నిఘంటువులో ‘జెంచి’ అంటే జనం. క్రియ మాత్రం ఏకవచనం. దాన్ని మాటకు మాట దించితే ‘ది పీపుల్ ఈజ్ గోయింగ్ టు ది బీచ్’ అని వస్తుంది. బీచ్‌కి బయల్దేరింది ఆ మాట అన్నవాడూ, అతని స్నేహితుడూ. ‘వి’ అంటే సరిపోయేది.